నాలుగో చేప

ఒక పెద్ద అడవిలో, కొండ మీది ముసలి ఓక్ చెట్టు పిడుగు పడి కాలిపోయిన మూడో ఏట, మంచు కరిగే రోజుల్లో ఇది జరిగింది. మన వైపు అడవి కాదు. ఏడాదిలో ఐదు నెలలు మంచు కప్పుకొని పడుకునే చలిదేశపు అడవి. దాని మధ్య ఒక ఏరు. ఏటికి ఎడమ గట్టున మహామఠం, కుడి గట్టున ఆ మఠంతో పడనివాళ్లు.

మఠం అంటే ఒక గుహ. దాని అధిపతి ఎలుగుబంటి. ఆయన్ని పెద్దగుహ స్వామి అనేవారు. ఆయన పక్కనే ఎప్పుడూ ఒక కొంగ నిలబడి ఉండేవాడు. అతను చదవని శాస్త్రం లేదు, అర్థమయ్యేలా చెప్పిన శాస్త్రమూ లేదు. ఒంటికాలు పండితుడని అతని పేరు.

ఆ అడవిలో ఒక నియమం ఉంది. మంచు కరగడం మొదలైన రోజు నుంచి నలభై రోజులు ఎవరూ మాంసం ముట్టకూడదు. చేపలు తినవచ్చు. ఇది ఒక పాత బెరడు మీద రాసి ఉంది. ఎందుకు ముట్టకూడదో రాసి లేదు. ఆ రోజుల్లో లేళ్లు ఈనుతాయి, బహుశా అందుకేనేమో అని ఎవరో ఒకసారి అనబోతే, కారణం అడిగినవాడికి భక్తి లేనట్టేనని పండితుడు నోరు మూయించాడు.

ఉపవాసపు రోజుల్లో మఠానికి చేపలు పట్టి తెచ్చే పని తడియ్యది. తడియ్య నీటికుక్క. నీటికుక్క అంటే కుక్క కాదు. ముంగిసను సాగదీసి, తోక లావు చేసి, ఏట్లో వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తడియ్య పనిమంతుడు. అతను మునిగిన చోట బుడగ కూడా లేచేది కాదు. తనంత ఈతగాడు లేడని అతనికి తెలుసు. అతనికి తెలుసన్న సంగతి ఏరంతటికీ తెలుసు.

అతని భార్య నురగమ్మ. ఆ చలికాలం చివర్లో వాళ్లకు నలుగురు పిల్లలు పుట్టారు. నీటికుక్క పిల్లలకు పుట్టగానే ఈత వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. నీళ్లు చూస్తే ఏడుస్తాయి. రెండు నెలలు దాటాలి, తల్లి మెడ పట్టుకొని లాక్కెళ్లాలి, అప్పటికిగాని దిగవు. ఇది గుర్తుంచుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆ ఏడు ఏరు ఆలస్యంగా కరిగింది. చేపలన్నీ దిగువకు పోయాయి. ఉపవాసం తొమ్మిదో రోజున తడియ్య పొద్దుటి నుంచి మునిగి మునిగి మూడంటే మూడు చేపలు తెచ్చాడు. ఒక్కొక్కటీ చుట్ట అంత కూడా లేదు.

మఠంలో అప్పుడు ప్రార్థన జరుగుతోంది. స్వామి కడుపు పెద్దగా ఉరిమింది. వెనక వరుసలోని కుందేళ్లు అది కూడా మంత్రమేననుకొని భక్తిగా తిరిగి పలికాయి.

స్వామి చేపల్ని చూశాడు. తర్వాత పండితుణ్ణి చూశాడు. పండితుడు చేపల్ని చూసి, తడియ్యను చూసి, కాలు మార్చాడు. అతను కాలు మార్చాడంటే కొత్త సిద్ధాంతం పుట్టిందని అర్థం.

"ఎన్ని తెచ్చావు?" అన్నాడు.

"మూడండీ."

"సరిగ్గా చూడు. నాలుగున్నాయి."

తడియ్య మళ్లీ లెక్కపెట్టాడు. దారిలో జారిపోయిందేమోనని గుమ్మం దాకా వెళ్లి వెతికి వచ్చాడు. "నాలుగోది నాకు కనబడ్డంలేదు పండితులుగారూ. మీకెక్కడ కనబడింది?"

అతను తలెత్తి చూసేసరికి గుహలో ఉన్నవాళ్లంతా తనవైపే చూస్తున్నారు. స్వామి పెదవి చివరి నుంచి చొంగ కారుతోంది.

పండితుడు సభకు వివరించాడు. నీళ్లలో తిరిగేది, నీళ్లలో తినేది, నీచు వాసన కొట్టేది చేప. తడియ్యకు ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. ఇన్నాళ్లూ మఠం అతన్ని చేపలవాడని పొరబడింది. నిజానికి అతను చేపే. ఇంత లావు చేప పక్కనే ఉండగా ఆకలితో ఉండటం దేవుడిచ్చినదాన్ని కాదనడమే అవుతుంది.

ఐరోపాలో ఒకప్పుడు మనుషులు కూడా ఉపవాసపు రోజుల్లో నీళ్లలో తిరిగే బీవరు అనే జంతువు తోకను చేప కింద జమకట్టి తిన్నారని పుస్తకాల్లో ఉంది. కాబట్టి జంతువులకు బుద్ధి లేదని తొందరపడి అనకండి.

అదృష్టం బాగుండి మఠంలో ఒక పద్ధతి ఉంది. తీర్పు చెప్పాక మూడు పొద్దులు గడిస్తేగాని అది అమలుకు రాదు. ఆలోగా ఆ చేప అభ్యంతరం చెప్పుకోవచ్చు. మామూలు చేపలు ఈ అవకాశాన్ని ఎప్పుడూ వాడుకోలేదు. తడియ్య వాడుకున్నాడు.

తనకు నాలుగు కాళ్లున్నాయన్నాడు. కప్పకూ ఉన్నాయన్నాడు పండితుడు. ఒంటినిండా బొచ్చుందన్నాడు. తడిసినప్పుడు అది కనబడదు గనక లెక్కలోకి రాదన్నాడు పండితుడు. తన పిల్లలు తల్లిపాలు తాగుతారన్నాడు. అది మీ ఇంటి విషయం, ఇంటి విషయాల్లో మఠం తలదూర్చదన్నాడు పండితుడు. ఆఖరికి పరీక్ష పెట్టాలని నిర్ణయించారు. తడియ్యను ఏట్లోకి విసురుతారు. మునిగిపోతే జంతువు. మునగకపోతే చేప.

"మునిగిపోతే చచ్చిపోతాడు కదా," అంది నురగమ్మ.

"చచ్చిపోతాడమ్మా. కాని నిర్దోషిగా చచ్చిపోతాడు," అన్నాడు పండితుడు.

పరీక్ష రోజు పొద్దున నురగమ్మ మొగుణ్ణి పక్కకు పిలిచి గట్టిగా చెప్పింది. ఒక్క పూటకు చేతకానివాడిలా ఉండు, నాలుగు గుటకలు మింగు, కాళ్లూ చేతులూ కొట్టుకో, చూసినవాళ్లే జాలిపడి లాగుతారు. తడియ్య సరేనన్నాడు. అలాగే చేద్దామని నిజంగానే అనుకున్నాడు. కాని గట్టు మీద ఏటి బాతులన్నీ వరుసగా కూర్చొని ఉన్నాయి. అందులో ఒక పిల్లబాతు, తడియ్య ఇవాళ మునిగిపోతాడట అని కిసుక్కుమంది.

అంతే. మఠంలోని ఎలుగుబంట్లు విసిరిన చోట తడియ్య కత్తిలా దిగాడు. బుడగ లేవలేదు. మిగిలిన మంచుగడ్డల కింద నుంచి ఏరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, తిరిగి వచ్చి, స్వామి కాళ్ల దగ్గర తేలాడు. వచ్చేటప్పుడు నోట్లో ఒక చేప కూడా పట్టుకొచ్చాడు.

బాతులు రెక్కలు కొట్టాయి. పండితుడు తీర్పు ఖాయం చేశాడు. మూడో పొద్దు ఇంకా గడవలేదు గనక ఆ పూటకు తడియ్యను ఇంటికి పోనిచ్చారు.

ఇంటికి వెళ్లేటప్పుడు నురగమ్మ అంది. "మునగవయ్యా అంటే ఆట చూపించి వచ్చావు."

"పని రాదని అనిపించుకోమంటావా?"

"బతికుంటే ఏమైనా అనిపించుకోవచ్చు."

ఆ మధ్యాహ్నమే మొగుడూ పెళ్లాం పిల్లల్ని ఒక్కొక్కరినీ మెడ పట్టుకొని రెండు విడతల్లో ఏరు దాటించి కుడి గట్టుకు చేర్చారు. కొత్త తీర్పు ప్రకారం పిల్లలు కూడా చేపలే కాబట్టి ఆగడానికి లేకపోయింది. నలుగురూ దారిపొడవునా ఏడ్చారు.

కుడి గట్టున ఒక తోడేలు బోధకుడు ఉండేవాడు. నిక్కచ్చయ్య అతని పేరు. బక్కపలచటివాడు, నిజాయితీపరుడు, అబద్ధం వింటే ఒళ్లు మండేవాడు. ఒకప్పుడు మఠంలోనే ఉండి, వాళ్ల మాయలు చూడలేక బయటికి వచ్చాడు. పాత బెరడుకు నకళ్లు చేయించి ఇంటింటికీ పంచాడు. ఎవరికి వారే చదువుకోండి, మధ్యలో మఠం ఎందుకన్నాడు. తను చదివినట్టు చదవనివాళ్లను మాత్రం గట్టు మీద ఉండనిచ్చేవాడు కాదు.

తడియ్య చెప్పిందంతా విని నిక్కచ్చయ్య కంటతడి పెట్టుకున్నాడు. "నువ్వు చేపవా తమ్ముడూ? ఎంత అన్యాయం. నీకు పొలుసులున్నాయా? లేవు. బెరడులో చేపకు పొలుసులని స్పష్టంగా ఉంది. నువ్వు మాలాగే జంతువువి."

కుడి గట్టువాళ్లందర్నీ పిలిచారు. వాళ్ల ముందు తడియ్య, నేను చేపను కాను, జంతువును అని మూడుసార్లు చెప్పి, బెరడు మీద పంజా ముద్ర వేశాడు. అందరూ పాట పాడారు. అన్నాళ్లూ చేపలు మోసిన బతుకులో అంత గౌరవం అతనికి ఎప్పుడూ దక్కలేదు. ఛాతీ పొంగింది.

నురగమ్మ అతని చెవిలో అడిగింది. "ఏమయ్యో, వీళ్లు ఉపవాసం ఉంటారా?"

"ఊరుకోవే. ఇప్పుడే మనల్ని మనుషుల్లా చూస్తున్నారు."

ఆమె ఊరుకోలేదు. నేరుగా నిక్కచ్చయ్యనే అడిగింది. అతను సంతోషంగా జవాబు చెప్పాడు. నలభై రోజుల ఉపవాసమని ఉన్న వరుస తర్వాతెప్పుడో ఎవరో వేరే పంజాతో రాసింది. అసలు బెరడులో లేదు. కాబట్టి ఈ గట్టున ఉపవాసం లేదు. జంతువుల్ని ఎప్పుడైనా తినవచ్చు. ముందు కృతజ్ఞతలు చెప్పుకుంటే చాలు.

కుడి గట్టువాళ్లు అప్పటికే కళ్లు మూసుకొని కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారు.

నిక్కచ్చయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకు తమ్ముడూ. అక్కడైతే నిన్ను అబద్ధం చెప్పి తినేవాళ్లు. ఇక్కడ నిజం చెప్పి తింటాం."

ఆ చెయ్యి బరువు భుజం మీద ఉండగా తడియ్య పిల్లల్ని చూశాడు. ఏటిలోకి దూకితే తనకు ఒక లెక్క కాదు. నురగమ్మకూ కాదు. నలుగురు పిల్లల్ని నోట పట్టుకొని ఇద్దరూ ఒక్కసారిగా ఈదలేరు. ఈత రావడానికి వాళ్లకు ఇంకా ఒక నెల కావాలి. నెల రోజులు. బతుకులో మొదటిసారి తడియ్య కండలతో కాక నోటితో ఈదాలని అనుకున్నాడు.

"తినండి అన్నా, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. "కాని అవతలి గట్టువాళ్లు నవ్వుతారేమో. చేపను చేపని ఒప్పుకోలేక, ఆకలికి ఆగలేక తిన్నారంటారు. నేను జంతువునని వాళ్ల ఎదుట తేల్చాక తింటే, అప్పుడది భోజనం కాదు, సిద్ధాంతం."

నిక్కచ్చయ్య చెయ్యి తీసేశాడు. ఆకలికి తిన్నాడనిపించుకోవడం కన్నా అతనికి పెద్ద అవమానం లేదు.

మర్నాడే ఏటి మధ్యలో ఉన్న చిన్న లంక మీద మహాసభ మొదలైంది. ఎడమ గట్టు నుంచి స్వామి, పండితుడు, వాళ్ల పరివారం. కుడి గట్టు నుంచి నిక్కచ్చయ్య, అతనివాళ్లు. వాదం తేలేదాకా సాక్ష్యాన్ని ఎవరూ ముట్టకూడదని రెండు పక్షాలూ ఒట్టు వేసుకున్నాయి. సాక్ష్యమంటే తడియ్య. సాక్ష్యానికి భార్యాపిల్లలుంటే వాళ్లు దాని అనుబంధాలని పండితుడు రాయించాడు. లంక వెనక వైపు రెల్లు చాటున ఒక నిలవనీటి మడుగు ఉంది. నురగమ్మ మొదటి పిల్లవాడి మెడ పట్టుకొని అక్కడికి లాక్కెళ్లింది.

సభ ఆరంభంలోనే ముగిసేలా కనిపించింది. నిక్కచ్చయ్య పొలుసుల గురించి అంత బాగా మాట్లాడాడు. ఎలుగుబంట్లు కూడా తలలాడించాయి. అప్పుడు తడియ్య లేచి వినయంగా ఒక సందేహం అడిగాడు. నీళ్లలో ఉన్నంతసేపు చేప, గట్టెక్కాక జంతువు అయ్యే వీలుందా అని. ఆ ఒక్కదానికి తొమ్మిది రోజులు పట్టింది. అది తేలబోతుండగా, గట్టెక్కాక ఒళ్లు ఆరేలోపు నేనెవరిని స్వామీ అన్నాడు. ఎనిమిది రోజులు. సగం ఆరితే అన్నాడు. మరో ఎనిమిది.

ఈలోగా అడవంతా రెండుగా చీలింది. ఎడమ గట్టున ఉడతలు కూడా ఎదురుపడితే చేపేనా అని పలకరించుకునేవి. కుడి గట్టున జంతువే అని బదులు చెప్పకపోతే గూడు ఖాళీ చేయించేవారు. సభలో పడి పెద్దలెవరూ లేళ్ల జోలికి రావడం లేదు. ఆ తీరిక చూసుకొని లేళ్లు రెండు పక్షాలుగా విడిపోయి తమలో తాము పొడుచుకున్నాయి. గడ్డి తప్ప ఏమీ తినని మీకెందుకు ఈ గొడవ అని తడియ్య, సభ చూడ్డానికి వచ్చిన ఒక ముసలి లేడిని అడిగాడు.

"మేం తినేది గడ్డే. కాని మా నమ్మకం గడ్డి కాదు," అందది.

మడుగులో పెద్దపిల్లకు ఈత వచ్చింది. తర్వాత ఇద్దరికి ఒకేసారి వచ్చింది. నాలుగోది, అందరికన్నా చిన్నది, మిణుగు అని పేరు, కాలి గోరు తడిస్తే చాలు కేకలు పెట్టేది. నురగమ్మ రోజూ సాయంత్రం వచ్చి, ఇంకా లేదు అన్నట్టు తల ఊపేది. తడియ్య మర్నాటికి ఒక సందేహం వెతుక్కునేవాడు.

ఉపవాసం ముప్పై ఎనిమిదో రోజుకు అతని దగ్గర సందేహాలు అయిపోయాయి. సభ కూడా అలసిపోయింది. స్వామి కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. నిక్కచ్చయ్య గొంతు బొంగురుపోయింది. ఇక సాక్ష్యం చేత చెరో ప్రమాణం చేయించి పంపేద్దామని, అంటే తినేద్దామని, గుసగుసలు మొదలయ్యాయి. నురగమ్మ రెల్లు చాటు నుంచి తల అడ్డంగా ఊపింది. మిణుగుకు ఇంకా రాలేదు.

తడియ్య లేచాడు. ఏం అడగాలో తెలియలేదు. నోటికి వచ్చింది అడిగాడు. "ఇంతసేపూ నా తల గురించి, ఒంటి గురించి మాట్లాడారు. మరి తోక మాటేమిటి?"

పండితుడు కాలు మార్చాడు. నిక్కచ్చయ్య చెవులు నిక్కాయి. ఇరవై ఆరు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో స్నేహం ఉంది. అది చూసి తడియ్య తోకను ఒంటి కిందికి లాక్కున్నాడు.

"ముందు భాగానికి చెవులు, మీసాలు, కాళ్లు. జంతువని ఒప్పుకుంటాం," అన్నాడు పండితుడు.

"తోక చేప తోకలా నీళ్లు కొడుతుంది. మేమూ ఒప్పుకుంటాం," అన్నాడు నిక్కచ్చయ్య.

అడవి చరిత్రలో మొట్టమొదటి సంధి అలా కుదిరింది. ముందు భాగం జంతువు, కుడి గట్టుది. వెనక భాగం చేప, ఎడమ గట్టుది. ఇద్దరి నమ్మకానికీ భంగం లేదు. రెండు గట్లలోనూ సంబరాలు జరిగాయి. లేళ్లు ఒకదాన్నొకటి నాకి గాయాలు మాన్పుకున్నాయి. ఒక్క చిన్న అంశం మిగిలింది. తోక ఎక్కడ మొదలవుతుంది? పండితుడు నడుము దగ్గరన్నాడు, నిక్కచ్చయ్య చివరి జానెడే అన్నాడు. దానికి నాలుగు రోజులు పట్టింది.

నాలుగో రోజు పొద్దున మిణుగు మడుగులోకి జారిపడింది. ఎవరూ తోయలేదు. తూనీగను చూసి అడుగు ముందుకేసి పడింది. ఏడవడానికి నోరు తెరిచి, నీళ్లు మింగి, కోపం వచ్చి, కాళ్లు కొట్టింది. అవతలి అంచుకు చేరాక వెనక్కి తిరిగి చూసుకుంది.

నురగమ్మ పరుగున వచ్చింది. "వచ్చింది. పద."

"మీరు పదండి," అన్నాడు తడియ్య మెల్లగా. "నేను లేస్తే సభ లేస్తుంది. సభ లేస్తే ఏటి వెంట వస్తారు. మీరు మలుపు దాటాక నేను మునుగుతా. నేను మునిగితే పట్టేవాడు ఈ రెండు గట్లలో ఉన్నాడా?"

"ఈసారి ఎవరు నవ్వినా ఆగకు," అంది నురగమ్మ. అతని మెడ మీద ఒకసారి ముక్కు ఆనించి వెళ్లిపోయింది.

సంధి పత్రం చదువుతున్నారు. పొడుగు పత్రం. తడియ్య ఏటి మలుపు వైపే చూస్తున్నాడు. ముందు ఒక పెద్ద తల, వెనక నాలుగు చిన్న తలలు. ఆఖరిది కాస్త వంకరగా, కాని ఈదుతూనే. మలుపు దాటేదాకా చూశాడు. తర్వాత ఊపిరి బిగబట్టి లేవబోయాడు.

లేవలేకపోయాడు. సంతకాల వేళ ఎవరి భాగం మీద వాళ్లు కాలు పెట్టి ప్రమాణం చేయాలని పత్రంలో ఉంది. స్వామి పాదం అతని తోక మీద ఉంది. నిక్కచ్చయ్య పంజా మెడ మీద ఉంది. ఇద్దరూ కళ్లు మూసుకొని ప్రమాణం చదువుతున్నారు.

అప్పుడే ఎడమ గట్టు నుంచి ఒక కాకి వచ్చి, ఉపవాసం ముగిసి రెండు రోజులైందని, లెక్క ఎవరూ చూసుకోలేదని, ఏట్లోకి చేపలు కూడా తిరిగి వచ్చాయని చెప్పింది. సభలో చాలామందికి ఆ సంగతి తెలుసు. నిన్న మధ్యాహ్నం విరామంలో రెండు పక్షాలవాళ్లూ కడుపునిండా చేపలు తిని వచ్చారు.

"అయితే నన్ను వదిలేయవచ్చు కదా," అన్నాడు తడియ్య. "మీకెవరికీ ఆకలి లేదు."

"అదే మా గొప్పతనం తమ్ముడూ," అన్నాడు నిక్కచ్చయ్య. "ఇందులో మాకు లాభమేమీ లేదు."

"ఇంకొక్క సందేహం స్వామీ..."

"సందేహాల అధ్యాయం నిన్ననే ముగించాం," అన్నాడు పండితుడు.

సంధిని అక్షరం పొల్లుపోకుండా అమలు చేశారు. ముందు భాగం కుడి గట్టుకు, వెనక భాగం ఎడమ గట్టుకు చేరాయి. ఏ గట్టున ఎవరూ తినలేదు.

నీతి: నువ్వెవరివో పెద్దలు తేల్చేలోగా నీ పిల్లలకు ఈత వచ్చి ఉండాలి, ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి ఆ అడవికి ఒక నీటికుక్క ఖర్చయింది.